సిటీ సాయం ముందు ఎవరికి?

అమెరికాలో ఓ మోస్తరు సిటీ ఏది తీసుకున్నా, ఎకనామిక్ డెవలప్‌మెంట్ ఆఫీసు బల్ల మీద ఎప్పుడూ నాలుగైదు అర్జీలు ఉంటాయి. పాత గోడౌన్‌ని అపార్ట్‌మెంట్లుగా మారుస్తామని ఒకరు వస్తారు. పక్క స్థలం కొని ప్లాంట్ పెంచుతాం, పదేళ్లు ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గించమని ఓ ఫ్యాక్టరీ అడుగుతుంది. హోటల్ మేం కడతాం, పార్కింగ్ గరాజ్ మీరు కట్టివ్వండని ఇంకొకరు. డబ్బు మాత్రం ఒకరిద్దరికే సరిపోతుంది. ఉద్యోగాలు వస్తాయని అందరూ చెబుతారు. అందరి ప్రజెంటేషన్లలోనూ చెట్లు, సైకిళ్లు, నవ్వుతూ నడిచే జనం ఉంటారు.

ఇక్కడ చాలా సిటీలు మొదట అడిగే ప్రశ్న "ఇది మంచి ప్రాజెక్టేనా?" అని. నిజానికి అది రెండోది. మొదట అడగాల్సింది "మనం డబ్బివ్వకపోతే ఇది ఆగిపోతుందా?" అని. ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని బట్-ఫర్ పరీక్ష అంటారు. ఎలాగూ కట్టబోయే మంచి ప్రాజెక్టుకి ఇచ్చిన డబ్బుతో ఊరికి కొత్తగా ఒరిగేదేమీ లేదు, యజమాని లాభం పెరుగుతుందంతే. ఇదేదో అరుదుగా జరిగేది కాదు. ఇన్సెంటివ్‌ల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న ఆర్థికవేత్త టిమ్ బార్టిక్ 2018లో పాత అధ్యయనాలన్నీ ముందేసుకుని చూస్తే, మామూలు స్థాయి ఇన్సెంటివ్ కంపెనీ నిర్ణయాన్ని నిజంగా మార్చింది నూటికి 2 నుంచి 25 సందర్భాల్లోనే అని తేలింది. అంటే ఎంత తక్కువ చూసుకున్నా నాలుగింట మూడు సార్లు, ఎలాగూ జరిగే పనికే సిటీలు డబ్బిస్తున్నాయన్నమాట.

ఈ ప్రశ్న అర్జీ వచ్చాక గుర్తుకొస్తే లాభం లేదు. ఎవరికి, దేనికి, ఎంతవరకు ఇస్తామన్నది ముందే రాసి కౌన్సిల్ చేత ఆమోదింపజేసుకోవాలి. కొన్ని రాష్ట్రాల్లో ఇది చట్టమే. టెక్సస్‌లో పన్ను చట్టంలోని చాప్టర్ 312 కింద ట్యాక్స్ అబేట్‌మెంట్ (కొన్నేళ్లపాటు ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గింపు) ఇవ్వాలంటే సిటీకి ముందుగా గైడ్‌లైన్స్ ఉండాలి. అవి రెండేళ్లే చెల్లుతాయి. మధ్యలో మార్చాలంటే కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల ఓట్లు పడాలి. అబేట్‌మెంట్ పదేళ్లు మించకూడదు. మిన్నెసోటాలో బిజినెస్ సబ్సిడీ చట్టం ఇంకాస్త గట్టిది: జీతాల విషయంలో ప్రమాణం రాసుకోవాలి, సాయం పెద్దదైతే పబ్లిక్ హియరింగ్ పెట్టాలి, సాయం తీసుకున్నవాళ్లు కనీసం ఐదేళ్లు అక్కడే నడపాలి, లక్ష్యం తప్పితే వడ్డీతో తిరిగి కట్టాలి. మీ రాష్ట్రంలో ఇలాంటి చట్టం లేకపోయినా ఈ నాలుగూ మీ పాలసీలో రాసుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

అర్జీతో పాటు ఏం తెమ్మనాలో కూడా పాలసీలోనే ఉండాలి. డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది అన్న సోర్సెస్ అండ్ యూజెస్ పట్టిక, పదేళ్ల ప్రో ఫార్మా (రాబడి, ఖర్చుల అంచనా), బ్యాంకు అప్పు షరతులు రాసిచ్చే టర్మ్ షీట్, స్థలం కొన్న కాగితం, ఆస్తికి విలువ కట్టిన అప్రైజల్, కాంట్రాక్టర్ ఎస్టిమేట్, మూడేళ్ల ట్యాక్స్ రిటర్నులు. లెక్కలు పరిశీలించే బయటి కన్సల్టెంట్ ఫీజుకి అర్జీదారుడే డిపాజిట్ కట్టాలి. ఈ ఒక్క షరతుతోనే ఊరికే ఓ రాయి వేసి చూద్దామని వచ్చేవాళ్లు సగం తగ్గుతారు.

తర్వాత వడపోత. ఇక్కడ మార్కులుండవు, అవును లేదా కాదు అంతే. సిటీకి పన్ను బకాయి ఉందా? ఆ స్థలంలో ఇలాంటిది కట్టడానికి జోనింగ్ ఒప్పుకుంటుందా? కౌన్సిల్ ఓటు పడకముందే పని మొదలుపెట్టేశారా? పునాది తవ్వేసినా, లీజు మీద సంతకం పెట్టేసినా, ఫలానా ఊళ్లో ప్లాంట్ పెడుతున్నామని పత్రికలకు చెప్పేసినా బట్-ఫర్ దగ్గరే ఆ ప్రాజెక్టు పడిపోయినట్టు. పక్క ఊరు ఇంతిస్తానంది అని బెదిరిస్తే ఆ ఆఫర్ కాగితం మీద చూపించమనాలి. చూపించినా అక్కడి స్థలం ధర, జీతాలు, పన్నులు, రవాణా ఖర్చు కలిపి పదేళ్లకి లెక్కేయాలి. ఎక్కువసార్లు పక్క ఊరి ఆఫర్ కంటే ఈ తేడాలే పెద్దవిగా కనిపిస్తాయి.

ఇక అసలు పని గ్యాప్ తేల్చడం, అంటే మొత్తం ఖర్చులో బ్యాంకు అప్పూ సొంత పెట్టుబడీ పోగా ఎంత తక్కువ పడుతోందో లెక్కేయడం. ఎక్కువ డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే కాబట్టి ఓ ఊహా ఉదాహరణ అంకెలతో చూద్దాం. మొత్తం ఖర్చు 200 లక్షల డాలర్లు అయ్యే అపార్ట్‌మెంట్ బిల్డింగ్ అనుకోండి. డెవలపర్ 60 లక్షలు అడిగాడు. ఖర్చులన్నీ పోగా ఏడాదికి వచ్చే నికర ఆదాయం 13 లక్షలని అతని ప్రో ఫార్మా చెబుతోంది. ఏటా కట్టే వాయిదాలకి 1.25 రెట్లు ఆదాయం ఉంటే గానీ బ్యాంకు అప్పివ్వదు. అంటే వాయిదాలకి పెట్టగలిగేది 10.4 లక్షలు. 7 శాతం వడ్డీ, 25 ఏళ్ల గడువు అయితే దానికి దాదాపు 122.6 లక్షల అప్పు పుడుతుంది. వాయిదాలు పోగా మిగిలేది 2.6 లక్షలు. పెట్టుబడిదారు ఏడాదికి 8 శాతం చేతికి రావాలంటే, ఆ 2.6 లక్షల మీద అతను పెట్టగలిగేది 32.5 లక్షలు. రెండూ కలిపితే 155 లక్షలు. 200లోంచి తీసేస్తే గ్యాప్ 45 లక్షలు. అడిగింది 60 కదా, మొదటి 15 లక్షలు ఇక్కడే ఎగిరిపోయాయి.

ఇప్పుడు ఖర్చుల పట్టిక ఒక్కో లైనూ చదవాలి. స్థలం 25 లక్షలని వేశాడు. కొన్న కాగితం చూస్తే మూడేళ్ల కింద 15 లక్షలకే కొన్నాడు. పెరిగిన ధరని ఖర్చుగా చూపించి, దాన్ని సిటీ పూడ్చాలనడం ఈ వ్యాపారంలో బాగా పాత చిట్కా. అసలు ధర వేస్తే గ్యాప్ 35కి దిగింది. తర్వాత అద్దెలు. చుట్టుపక్కల కొత్త బిల్డింగుల్లో అద్దెలు అతను వేసిన దానికంటే కొంచెం ఎక్కువే ఉన్నాయనుకోండి. దానివల్ల నికర ఆదాయం 13 నుంచి 14 లక్షలకి పెరిగితే, పెరిగిన ఆ ఒక్క లక్ష మీద బ్యాంకు అప్పూ సొంత పెట్టుబడీ కలిపి దాదాపు 12 లక్షలు ఎక్కువ వస్తాయి. గ్యాప్ 23 లక్షలకి వచ్చేసింది. 60 అడిగిన మనిషికి 23 చాలు. అతను అబద్ధమాడాడని కాదు. అద్దెలు తక్కువగా, ఖర్చులు ఎక్కువగా, ఖాళీగా ఉండే ఫ్లాట్లు ధారాళంగా వేసుకోవడం సాయం అడిగేవాళ్ల సహజ లక్షణం. అదే మనిషి బ్యాంకుకి ఇచ్చిన ప్రో ఫార్మా తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. డెవలపర్ ఫీజు, కాంటింజెన్సీ (అనుకోని ఖర్చులకని పక్కన పెట్టేది), వాళ్ల సొంత కంపెనీకే ఇచ్చే కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ ఫీజు, ఈ మూడింటి దగ్గర ఇంకాసేపు ఆగాలి.

అభివృద్ధి పనులకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సీడీబీజీ నిధుల కోసం హౌసింగ్ శాఖ రాసిన అండర్‌రైటింగ్ (డబ్బిచ్చే ముందు లెక్కలు పరిశీలించే) గైడ్‌లైన్స్ ఈ పరిశీలనకి మంచి కొలబద్ద. ఖర్చులు సబబుగా ఉన్నాయా, మిగతా డబ్బంతా ఖాయమైందా, మన డబ్బు ప్రైవేటు డబ్బు స్థానంలోకి దూరుతోందా, ప్రాజెక్టు తనంతట నిలబడుతుందా, యజమానికి లాభం మితిమీరి వస్తోందా, మన డబ్బు మిగతావాళ్ల డబ్బుతో సమానంగా విడతల్లో విడుదలవుతుందా. ఆరే ఆరు ప్రశ్నలు. సిటీ సొంత నిధులకి కూడా ఇవే వాడుకోవచ్చు.

గ్యాప్ తేలాక దాన్ని ఏ జేబులోంచి పూడ్చాలన్నది ఇంకో లెక్క. గ్రాంట్, షరతులతో మాఫీ అయ్యే అప్పు, చవగ్గా స్థలం, రోడ్డూ డ్రైనేజీ వేసివ్వడం, అబేట్‌మెంట్, ఇలా చాలా దారులున్నాయి. అన్నిట్లోకీ ఎక్కువ గందరగోళం చేసేది టిఫ్, అంటే ట్యాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్. 1952లో కాలిఫోర్నియాలో మొదలై దాదాపు అన్ని రాష్ట్రాలకీ పాకింది. పుట్టిల్లయిన కాలిఫోర్నియాయే 2012లో తన రీడెవలప్‌మెంట్ ఏజెన్సీలన్నిటినీ రద్దు చేసుకుంది, అది వేరే కథ. సూత్రం సులువే: కట్టకముందు స్థలం మీద వచ్చే పన్ను ఎప్పటిలాగే సిటీకీ స్కూళ్లకీ కౌంటీకీ వెళ్తుంది, కట్టాక పెరిగిన పన్ను మాత్రం కొన్నేళ్లపాటు ప్రాజెక్టు ఖర్చుకి వెళ్తుంది.

మన బిల్డింగునే తీసుకుందాం. పాత విలువ 10 లక్షలు. కట్టాక అసెసర్ (పన్ను కోసం ఆస్తి విలువ కట్టే అధికారి) 120 లక్షలు వేశాడనుకుందాం. కట్టిన ఖర్చే అసెస్‌మెంట్ విలువ అవుతుందనుకోవడం మొదటి తప్పు, ఆ రెండూ ఒక్కటయ్యేది తక్కువ. పెరుగుదల 110 లక్షలు. మొత్తం పన్ను రేటు 2.2 శాతమైతే ఏడాదికి 2.42 లక్షలు వస్తుంది. 20 ఏళ్లకి 48 లక్షలు అని స్టాఫ్ రిపోర్టులో రాసేస్తారు, కౌన్సిల్ సభ్యులు సాయం 48 లక్షలనుకుంటారు. కానీ 6 శాతం వడ్డీతో ఇవాళ్టి విలువకి తెస్తే అది 28 లక్షలే. మనకి కావలసింది 23 కాబట్టి 15 ఏళ్ల లోపే తీరిపోతుంది. మిగతా ఐదేళ్ల పన్ను స్కూళ్లకీ కౌంటీకీ ముందుగానే అందుతుంది. ఇరవై ఏళ్లూ ఇచ్చేయడం అలవాటు కాబట్టి ఇచ్చేస్తుంటారు. ఇంకో సంగతి, బిల్డింగు పూర్తయ్యాక అసెస్‌మెంట్ జరిగి, ఆ పన్ను చేతికొచ్చేసరికి చాలాచోట్ల ఏడాది, రెండేళ్లు గడుస్తాయి. ఆ ఖాళీని లెక్కలో పెట్టకపోతే మొదటి వాయిదాకే డబ్బుండదు. సిటీయే బాండ్లు వేసి ముందు డబ్బిచ్చిందంటే ఆ రిస్కంతా సిటీదే. వచ్చిన పన్ను వచ్చినట్టు డెవలపర్‌కి తిరిగిచ్చే పే-గో పద్ధతైతే రిస్కు అతనిది. నన్నడిగితే, బాండ్ల దారి మామూలు ప్రాజెక్టుకి అసలు వద్దు.

ఇంతవరకూ దాటి వచ్చినవాటికే మార్కులు. ఇక్కడే సిటీలు తెలియకుండా తమ కాలు తామే నరుక్కుంటాయి. సాధారణంగా స్కోరింగ్ పట్టికలో ఉద్యోగాలు, జీతాలు, పన్ను ఆదాయం, ఖాళీ స్థలం లేదా కలుషిత స్థలం వాడకం, ప్రాంత అవసరం ఉంటాయి. వీటితో పాటు రెండు అంశాలు తప్పకుండా కనిపిస్తాయి: సిటీ డాలరుకి ప్రైవేటు డాలర్లు ఎన్ని అన్నది ఒకటి, ఎంత సిద్ధంగా ఉందన్నది రెండోది. వినడానికి రెండూ బాగానే ఉంటాయి. కానీ ఆలోచించండి, సిటీ డాలరుకి 12 ప్రైవేటు డాలర్లు తెచ్చి, బ్యాంకు లెటర్, పర్మిట్లు చేతిలో పెట్టుకుని వచ్చే ప్రాజెక్టుకి మన సాయం ఎంత అవసరం? ఆ రెండింట్లో ఎక్కువ మార్కులు తెచ్చుకునేది అందరికంటే తక్కువ అవసరమున్న ప్రాజెక్టే. అందుకే వీటికి మార్కులు తీసేసి కనీస అర్హతలుగా మార్చాలి. ఒకటికి కనీసం మూడు ప్రైవేటు డాలర్లు ఉండాలి, ఏడాదిలో పని మొదలవ్వాలి, అలా. మార్కులు ఊరికి వచ్చే లాభానికే.

ఆ మార్కుల్ని కూడా నేరుగా వరసపెట్టకూడదు, తేలిన గ్యాప్‌తో భాగించాలి. ఇచ్చేందుకు 40 లక్షలున్నాయి, ముగ్గురొచ్చారు. మొదటిదానికి 80 మార్కులు, గ్యాప్ 40 లక్షలు. రెండోదానికి 66, గ్యాప్ 15. మూడోదానికి 58, గ్యాప్ 20. మార్కుల వరసలో వెళ్తే మొదటి ప్రాజెక్టే మొత్తం పట్టుకుపోతుంది, పని అక్కడితో సరి. లక్ష డాలర్లకి ఎన్ని మార్కులని చూస్తే మొదటిది 2, రెండోది 4.4, మూడోది 2.9. రెండూ మూడూ కలిపి 35 లక్షల్లో అయిపోతాయి, ఇంకా 5 మిగులుతుంది. ఈ పద్ధతిలోనూ ఓ లొసుగుంది, మరీ చిన్న ప్రాజెక్టులు సులువుగా పైకి తేలతాయి. 50 మార్కుల్లోపు వచ్చినవాటిని అసలు చూడకూడదని గీత గీస్తే సరిపోతుంది.

"మంచి జీతాలు: 0 నుంచి 10" అని రాస్తే అందరికీ 7 పడుతుంది, చివరికి ప్రాజెక్టులన్నీ 70కీ 80కీ మధ్య గుంపుగా చేరతాయి. కౌంటీ మధ్యస్థ జీతానికి 120 శాతం దాటితే 10, 100 దాటితే 6, దానికి తక్కువైతే సున్నా అని రాయండి. ఇద్దరు విడివిడిగా మార్కులేసి తర్వాత పోల్చుకోవాలి. కౌన్సిల్ ఈ వరసని మార్చకూడదని ఎవరూ అనరు, ప్రజలు ఎన్నుకున్నది వాళ్లనే. మారిస్తే మాత్రం కారణం మినిట్స్‌లో ఉండాలి.

ఉద్యోగాల అంకె దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. కన్‌స్ట్రక్షన్ కూలీలని శాశ్వత ఉద్యోగాల్లో కలిపేయడం, పార్ట్‌టైమ్ ఇద్దర్ని ఇద్దరుగానే లెక్కేయడం, అదే ఊళ్లో మూడు మైళ్లు జరిగే ఫ్యాక్టరీ తన పాత ఉద్యోగాలనే కొత్తవిగా చూపించడం, ఈ మూడూ తరచూ చూసేవే. రెస్టారెంట్లు, దుకాణాల విషయంలో ఉద్యోగాలు నిజంగానే వస్తాయి, కానీ పక్కవీధి వాళ్ల గిరాకీ తీసుకునే వస్తాయి. ఊరి బయట అమ్ముడుపోయే సరుకు చేసేవాళ్లకే ఎక్కువ మార్కులనడం అందుకే. డేటా సెంటర్లది ఇంకో రకం. పెట్టుబడి కోట్లల్లో ఉంటుంది, ఉద్యోగాలు పదుల్లో ఉంటాయి. వాటివల్ల వచ్చేదల్లా యంత్రాల మీద పన్ను, ఆ పన్నునే మాఫీ చేసేస్తే ఇక మిగిలేదేముంది? ఒక్కో ఉద్యోగానికి ఎంత అన్న పరిమితి కూడా పెట్టుకోవాలి. సీడీబీజీ కోసం 1990ల్లో రాసిన నిబంధనలో ఏ ఒక్క ప్రాజెక్టులోనూ ఉద్యోగానికి 50,000 డాలర్లు దాటకూడదు, అన్నీ కలిపి సగటు 35,000 దాటకూడదు అన్నారు. ధరలు అప్పటిలా లేవు, అయినా రెండు గీతలు గీసే పద్ధతి మాత్రం బాగుంది.

అర్జీలు వచ్చిన వరసలో ఇచ్చుకుంటూ పోతే పోలిక అన్నదే ఉండదు. ఏడాది మధ్యకొచ్చేసరికి ఖజానా ఖాళీ, అసలైన ప్రాజెక్టు అప్పుడొస్తుంది. ఏడాదికి రెండు విడతలు పెట్టి, ఒక్కో విడతకి ఇంత అని కేటాయించడం మేలు. స్థలం కొనే హక్కు (ఆప్షన్) గడువు ముంచుకొస్తోంది లాంటి అత్యవసరాలకి ఐదో వంతు పక్కన పెట్టొచ్చు. అబేట్‌మెంట్లకి కూడా పరిమితి ఉండాలి. చేతినుంచి చెక్కు వెళ్లదు కాబట్టి అది ఖర్చులా కనిపించదు. స్థానిక ప్రభుత్వాలకి అకౌంటింగ్ ప్రమాణాలు రాసే గాస్బీ 2015లో తెచ్చిన 77వ ప్రమాణం తర్వాతే, అబేట్‌మెంట్ల వల్ల వదులుకున్న పన్ను ఎంతో సిటీల వార్షిక ఆర్థిక నివేదికల్లో చూపించడం మొదలైంది. టిఫ్ విషయంలో, సిటీలోని మొత్తం ఆస్తి విలువలో 12 శాతం అని విస్కాన్సిన్ రాష్ట్రం హద్దు పెట్టింది.

విస్కాన్సిన్ పేరు వచ్చింది కాబట్టి తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్ సంగతీ చెప్పుకోవాలి. 2017లో 13,000 ఉద్యోగాలు, 1,000 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు, రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల సాయానికి సై అంది. 2021లో ఒప్పందాన్ని తిరగరాసినప్పుడు ఉద్యోగాలు 1,454 అయ్యాయి, రాష్ట్ర సాయం 8 కోట్లకి తగ్గింది. రాష్ట్రం డబ్బు పెద్దగా పోలేదు, ఎందుకంటే రాష్ట్రం పన్ను క్రెడిట్లు ఉద్యోగాలు వచ్చాకే ఇచ్చేవి. మౌంట్ ప్లెజంట్ అనే చిన్న విలేజ్, రసీన్ కౌంటీ మాత్రం స్థలాలు కొని రోడ్లు, నీటి లైన్లు ముందే వేసేశాయి. వాటిని కాపాడింది ఒప్పందంలోని ఒక్క క్లాజు: బిల్డింగులు కట్టినా కట్టకపోయినా 140 కోట్ల డాలర్ల ఆస్తి ఉన్నట్టే పన్ను కట్టాలన్నది. స్థానిక ప్రభుత్వం ముందు ఖర్చు పెట్టాల్సి వస్తే ఇలాంటి కనీస విలువ హామీ లేకుండా సంతకం పెట్టకూడదు.

ఒప్పందంలో మిగతావి చకచకా చెప్పేయొచ్చు. డబ్బు విడతల్లో, ప్రైవేటు డబ్బు ఖర్చయిన నిష్పత్తిలోనే ఇవ్వాలి. ఉద్యోగాల లెక్కకి కంపెనీ లెటర్ కాదు, రాష్ట్రానికి ప్రతి మూడు నెలలకీ పంపే అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ రిపోర్టు అడగాలి. గడువు ఏ తేదీనుంచి లెక్కో రాయాలి, లేదంటే "ఇంకా మొదలవలేదు" అంటూ ఏళ్లు దొర్లిస్తారు. బిల్డింగు అమ్మేస్తే బాధ్యత కొన్నవాడికి మారుతుందా లేదా అన్నది రాయాలి. లక్ష్యంలో 80 శాతం చేరితే 20 శాతం వెనక్కి అన్నట్టు మెట్లుమెట్లుగా పెడితే సిటీకి వసూలు చేయడానికి మనసొప్పుతుంది. అంతా లేదా అసలేమీ లేదు అనే క్లాబ్యాక్‌ని (ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకునే షరతుని) ఏ కౌన్సిలూ అమలు చేయదు, ఉన్న వంద ఉద్యోగాలూ పోతాయేమోనని భయపడుతుంది. లాభం అనుకున్నదానికంటే బాగా వస్తే ఏడో ఏటనో, బిల్డింగు అమ్మినప్పుడో మళ్లీ లెక్క చూసి మిగులు పంచుకునే లుక్‌బ్యాక్ క్లాజు కూడా అడగండి. నికర ఆదాయంలో లక్ష తేడా వస్తే గ్యాప్ 12 లక్షలు మారడం పైన చూశాం. అద్దెల అంచనా ఎవరిది తప్పో ఆ రోజుకి కచ్చితంగా తెలుస్తుంది.